కప్పకముందే లెక్క చూపండి

రైతు సంఘం పత్రికలో రేకుల గొడవేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మద్దతు ధర ఉంది, వెలిగొండ ఉంది, కౌలు కార్డులున్నాయి, బ్యాంకు నోటీసులున్నాయి. ఇన్ని సమస్యలు పెట్టుకుని స్క్రూలూ క్లిప్పులూ మనకెందుకంటారు. ఎందుకో చెబుతాం. 2025-26కు కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధర చేతికి రావాలంటే గింజలో తేమ 12 శాతం దాటకూడదు. కల్లంలో ఎండబెట్టి, తూర్పారబట్టి, బస్తాలకెత్తి గోదాములో పెట్టిన కంది, కప్పు కారి ఒక్క రాత్రి తడిస్తే కొనుగోలు కేంద్రంలో కాటా ఎక్కదు. వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి రావలసిందే. మిర్చి సంగతి ఇంకా అన్యాయం. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, తాలు కింద లెక్కగడతారు. ధర్నాలు చేసి సాధించుకున్న ధర రేకు చిల్లులోంచి కారిపోతుంటే సంఘం చూస్తూ ఊరుకోవాలా?

ఇంకో సంగతి కూడా చాలామంది రైతులకు తెలియదు. ఫసల్ బీమా నిబంధనల ప్రకారం కోసి పొలంలో పరిచిన పంట తుఫానుకో అకాల వర్షానికో దెబ్బతింటే, కోసిన నాటి నుంచి 14 రోజుల దాకా పరిహారం అడగవచ్చు. అదే పంట షెడ్డులోకి చేరాక కప్పు లేచిపోయి తడిస్తే ఆ బీమా వర్తించదు. ఆరుబయట ఉన్న పంటకున్న రక్షణ కప్పు కింద ఉన్న పంటకు లేదన్నమాట. కాబట్టి ఆ కప్పే గట్టిగా ఉండాలి. మన పడమటి మండలాల్లో అది గట్టిగా ఉండటం లేదు.

మన ప్రాంతంలో కప్పుల చరిత్ర అందరికీ తెలిసిందే. మట్టి మిద్దెలుండేవి. నల్లమల బోదతో కప్పిన కొట్టాలుండేవి. తర్వాత సిమెంటు రేకులొచ్చాయి, ఆ తర్వాత జీఐ రేకులు, ఇప్పుడు నీలం, ఎరుపు కలర్ రేకులు. ఇటీవల గోదాములకూ, మార్కెట్ షెడ్లకూ, కాస్త డబ్బున్న రైతుల కొట్టాలకూ ఇంకో రకం వస్తోంది. పైన ఒక్క స్క్రూ కూడా కనిపించదు. "చిల్లు లేని రేకు, చుక్క నీరు దిగదు, తుఫానుకు కదలదు" అని అమ్మేవాళ్ళు చెబుతున్నారు. దాగిన క్లిప్పుల రేకు అంటే ఇదే. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ రేకుకు న్యాయం చేద్దాం. మామూలు రేకును పర్లిన్ల మీద పరిచి పైనుంచి స్క్రూ దించుతారు. స్క్రూ తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న ఏకవాలు షెడ్డు తీసుకుంటే, మీటరుకో రేకు, ఒక్కో పర్లిన్ మీద రేకుకు 4 స్క్రూల చొప్పున, 7 పర్లిన్లకు కలిపి 500 పైచిలుకు చిల్లులు పడతాయి. మన ఎండకు ఆ వాషరు రబ్బరు కొన్నేళ్ళలో పగులుతుంది. అది చాలదన్నట్టు రేకు కదులుతుంది కూడా. ఇనుము మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి 12 మైక్రాన్లు సాగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న రేకు మే నెల మిట్టమధ్యాహ్నం 70 డిగ్రీలకు చేరితే 9 మీటర్ల రేకు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 30 మీటర్ల గోదాము రేకైతే 16 మిల్లీమీటర్లు. సాయంత్రానికి మళ్ళీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే పని. స్క్రూ కదలదు, రేకు కదులుతుంది, చిల్లు కోలగా సాగుతుంది. కారడం అక్కడ మొదలవుతుంది.

క్లిప్పు రేకులో ఈ బాధ లేదు. ముందుగా క్లిప్పును పర్లిన్‌కు బిగిస్తారు. రేకు గట్టును దాని మీద పెట్టి తొక్కితే టక్కున పట్టుకుంటుంది. ఇంకో రకంలో రెండు రేకుల అంచులను మెషినుతో కలిపి మడుస్తారు. రెంటిలోనూ రేకుకు చిల్లు పడదు. ఎండకు సాగినా క్లిప్పు మీద జారుతుంది గాని చిరగదు. స్క్రూ రేకు నిలవలేనంత తక్కువ వాలు మీద కూడా ఇది నీళ్ళు ఆపుతుంది. పెద్ద గోదాముకు ఇది మంచి కప్పు. ఆ విషయంలో మాకు అభ్యంతరం లేదు.

నిజానికి ఇది కొత్త ఆలోచన కూడా కాదు. మార్కాపురం పలకరాయి ఏ ఏ దేశాలకు పోతుందో మనకు తెలుసు. చలి దేశాల్లో ఇంటి కప్పుకు రాతి పలకలు పరుస్తారు. అక్కడ ప్రతి పలక మేకూ దాని పైన పరిచిన పలక కింద దాగి ఉంటుంది. వాన నీరు మేకును తాకదు. అలాంటి రాయిని తవ్విన ఊళ్ళలో మనం మాత్రం కారే రేకు కింద తట్టలు పెట్టుకుని కూర్చున్నాం.

ఇక మా అభ్యంతరం చెబుతాం. స్క్రూ కప్పును కింద నిలబడి లెక్కపెట్టవచ్చు. ఏ పర్లిన్ మీద ఎన్ని స్క్రూలున్నాయో, ఎక్కడ ఎగ్గొట్టారో, నిచ్చెన ఎక్కిన పదేళ్ళ కుర్రాడు కూడా చెప్పగలడు. క్లిప్పు కప్పు అలా కాదు. పై రేకు పడ్డాక క్లిప్పు కనిపించదు. లోపలి నుంచి చూసినా పర్లిన్ అడ్డు, చీకటి, ఎత్తు. ఎన్ని వేశారో, ఎన్ని మింగారో కాంట్రాక్టరుకూ అతని మేస్త్రికీ తప్ప మూడోవాడికి తెలియదు. నీళ్ళ నుంచి కాపాడటానికి స్క్రూను దాచిన ఏర్పాటు దొంగ లెక్కను దాచడానికి కూడా అంతే చక్కగా పనికొస్తోంది.

లెక్క వేసి చూద్దాం. అదే 18 మీటర్ల షెడ్డు. క్లిప్పు రేకు కప్పే వెడల్పు 700 మిల్లీమీటర్లు అనుకుంటే 26 రేకులు పడతాయి. చివరి అంచుతో కలిపి ఒక్కో పర్లిన్ మీద 27 క్లిప్పులు రావాలి. పర్లిన్లు మీటరున్నర దూరంలో 7 వరసలుంటే మొత్తం 189 క్లిప్పులు. ఒక్కో దానికి 2 స్క్రూల చొప్పున 378 స్క్రూలు. ఇప్పుడు కాంట్రాక్టరు ఒక పర్లిన్ వదిలి ఒక పర్లిన్‌కు క్లిప్పులు వేశాడనుకోండి. 4 వరసలకు 108 క్లిప్పులే. 81 మిగిలాయి. కింద నుంచి చూస్తే కప్పు నిగనిగలాడుతూనే ఉంటుంది. ప్రారంభోత్సవం రోజు ఫోటోలోనూ బాగానే ఉంటుంది. బిల్లు మాత్రం 189కీ పాస్ అవుతుంది.

గాలి మాత్రం ఆ ఫోటో చూసి మోసపోదు. భవనాల మీద గాలి ఒత్తిడికి దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 875 మూడో భాగం, 2015లో సవరించారు. అందులో ముఖ్య పట్టణాల పట్టిక ఉంది. నెల్లూరుకు సెకనుకు 50 మీటర్ల గాలి, కర్నూలుకు 39 మీటర్లు. మార్కాపురం పేరు ఆ పట్టికలో లేదు. 1970లో ప్రకాశం ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి, పొదిలి, కనిగిరి నెల్లూరువి. రెంటి మధ్యా ఉన్నవాళ్ళం. ఇంజనీరు పటం చూసి నిర్ణయించాలి. ఎంతమంది చూస్తున్నారో అడగండి. సరే, తక్కువదే తీసుకుందాం. సెకనుకు 39 మీటర్లంటే గంటకు 140 కిలోమీటర్లు. ఆ గాలి మూల ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 93 కిలోలు. రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలు కూడా సరిగా ఉండదు. అంటే కప్పును నిలబెట్టేది రేకు బరువు కాదు, పూర్తిగా క్లిప్పుల పట్టు. 189 క్లిప్పులూ ఉంటే ఒక్కో క్లిప్పు మీద ఒక చదరపు మీటరు భారం పడుతుంది, సుమారు ఒక క్వింటాలు. పర్లిన్ వదిలి పర్లిన్ వేస్తే అదే క్లిప్పు రెండు క్వింటాళ్ళు ఆపాలి. ఇది కప్పు నడిమి భాగం లెక్క. చూరు అంచుల్లో, మూలల్లో గాలి లాగుడు ఇంతకంటే చాలా ఎక్కువ. ముందు పక్క గోడ లేని షెడ్డైతే లోపలికి దూరిన గాలి కింద నుంచి కూడా ఎత్తుతుంది. మన మార్కెట్ షెడ్లు ఎక్కువ భాగం అలాంటివే కదా.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్లిప్పు రేకు లేవడం మొదలైతే ఒక్క రేకుతో ఆగదు. ఒక అంచు ఊడితే దాన్ని పట్టుకున్న పక్క రేకు అంచు కూడా వదులవుతుంది, ఆ పక్కది, ఆ పక్కది. జాకెట్టు జిప్పు లాగినట్టు కప్పు మొత్తం విచ్చుకుంటుంది.

1974 డిసెంబరు 25 తెల్లవారకముందు ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం మీద ట్రేసీ తుఫాను పడింది. విమానాశ్రయంలో గాలి కొలిచే పరికరం గంటకు 217 కిలోమీటర్లు చూపించి ఆగిపోయింది. నగరంలో ఇళ్ళు చాలా భాగం నేలమట్టమయ్యాయి. తర్వాత ఇంజనీర్లు పరిశీలిస్తే రేకులు ఒక్క పెద్ద గాలికి చిరగలేదు. గంటల తరబడి పైకీ కిందకీ ఊగి, బిగించిన చోట తీగ విరిచినట్టు అలసి విరిగాయి. అప్పటి నుంచి అక్కడ తుఫాను ప్రాంతాల్లో కప్పు రేకును, దాని బిగింపును వేల సార్లు లాగి వదిలి పరీక్షించాకే వాడటం నేర్చుకున్నారు. మన దగ్గర 2023 డిసెంబరు 5న మిగ్జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. ప్రతిసారీ పంట నష్టం అంచనాలకు బృందాలొస్తాయి. లేచిపోయిన కప్పు దగ్గర ఆగి, ఈ క్లిప్పు ఎందుకు వదిలింది, ఎన్ని ఉండాలి, ఎన్ని ఉన్నాయి అని రాసుకున్న అధికారిని మేం ఇంతవరకు చూడలేదు. ఎగిరిన రేకులు పాత ఇనుము కింద తూకానికి పోతాయి. సాక్ష్యం అక్కడే మాయం.

పని ఎలా జరగాలి

అందుకే ఈ రేకు ఎలా వేయాలో ప్రతి గ్రామ కమిటీకీ తెలియాలి. ఇంజనీరు కానక్కర్లేదు. పొలంలో గెనెం వంకరగా ఉంటే కనిపెట్టే కన్ను చాలు.

మొదట పర్లిన్లు చూడండి. తాడు లాగి చూస్తే అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయితే క్లిప్పు సగమే పట్టుకుంటుంది. పర్లిన్‌ను ట్రస్‌కు బోల్టులతో బిగించారా, చుక్క వెల్డింగు పెట్టి వదిలారా చూడండి. స్తంభం కింద పునాది ఎంత లోతో కాంక్రీటు పోయకముందే చూడండి. మన ఊళ్ళలో రేకులు పర్లిన్లతో సహా లేచి పక్క చేలో పడటం మీరంతా చూసిందే. అలాంటి చోట ఎంత ఖరీదైన క్లిప్పు పెట్టినా ఏం లాభం?

రేకులు పరచడం గాలివాటానికి ఎదురు చివర నుంచి మొదలుపెట్టాలి. రేకు మీద రేకు ఎక్కే అంచు గాలికి వీపు పెట్టినట్టు ఉండాలి. మొదటి వరస క్లిప్పులు దారం పట్టి ఒకే గీతలో బిగించాలి. క్లిప్పుకు ముందూ వెనకా ఉంటుంది, తిరగేసి వేస్తే పట్టదు. మొదటి రేకు చూరుకు సరిగ్గా మూలమట్టంలో కూర్చోవాలి. అక్కడ వేలెడు తప్పితే పదో రేకుకు జానెడు తప్పుతుంది. రేకులు పైన దగ్గరై కింద విసనకర్రలా విచ్చుకోవడం అంటే ఇదే. నాలుగైదు రేకులకొకసారి పైనా కిందా టేపు పెట్టి వెడల్పు కొలవమని చెప్పండి. ప్రతి క్లిప్పు దగ్గరా రేకు గట్టు మీద కాలుతో తొక్కితే టక్కుమన్న చప్పుడు వినిపించాలి. వినపడకపోతే పట్టలేదన్నమాటే. ఇనుప సుత్తితో కొట్టి కూర్చోబెడితే రంగు పోతుంది, గట్టు సొట్ట పడుతుంది. రబ్బరు సుత్తి వాడాలి.

కొప్పు దగ్గర రేకు కొసను పైకి మడవాలి, చూరు దగ్గర కిందికి వంచాలి. దీనికి చిన్న పనిముట్టు ఉంటుంది, పావుగంట పని. చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే ఈదురుగాలికి వాన కొప్పు రేకు కింద నుంచి వెనక్కి తోసుకొచ్చి లోపల పడుతుంది. అప్పుడు "రేకు కారుతోంది" అంటారు. పాపం రేకు తప్పేముంది? ఇంకోటి, రేకును ఒక చివరే కదలకుండా కట్టాలి. రెండు చివరలూ స్క్రూలతో బిగించేస్తే ఎండకు సాగడానికి చోటుండదు, క్లిప్పు పెట్టిన ప్రయోజనమే పోతుంది. సోలార్ పలకలు పెట్టేవాళ్ళు వచ్చి టకటకా చిల్లులు కొట్టినా అంతే. మెషినుతో మడిచిన రేకులకు, గట్టును పట్టుకునే బిగింపులు దొరుకుతాయి, అవే అడగాలి.

రేకును కోత మెషిను చక్రంతో కోయనివ్వకండి. నిప్పురవ్వలు పడ్డ చోటల్లా పూత కాలి తుప్పు మొదలవుతుంది. కత్తెరతో గాని, రేకు కోసే రంపంతో గాని కోయాలి. రాలిన ఇనుప రజను సాయంత్రం దిగేటప్పుడు ఊడ్చేయాలి, రాత్రి మంచుకే తుప్పు మరకలు పడతాయి. మార్కాపురం వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట: అల్యూమినియం-జింకు పూత ఉన్న రేకు మీద చెక్కపెన్సిలుతో గుర్తులు పెట్టకూడదు. ఆ నల్ల సీసపు గీత వెంబడే పూత తినేస్తుంది. పలకల ఊరివాళ్ళకు గీతల సంగతి ఇంకొకరు చెప్పాలా అనుకోకండి, పనిలోకి వచ్చే వెల్డరు చెవి వెనక ఉండేది ఆ పెన్సిలే.

గేజి మోసం

రేకు మందం దగ్గర జరిగే దగా పాతదే, కొత్త రేకుతో కొత్త రూపం ఎత్తింది. కొట్లో "0.50" అంటారు. రంగు, పూత కలిపి 0.50 అయితే లోపలి ఇనుము 0.45 లేదా అంతకంటే తక్కువ. బిల్లు మీద ఏ మందమో రాయించుకోకపోతే అడిగే దారి లేదు. పూత బరువు ఇంకా దాగిన విషయం. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూతకూ 70 గ్రాముల పూతకూ కంటికి తేడా తెలియదు. పదేళ్ళ తర్వాత తెలుస్తుంది. జింకు పూత మీద రంగు వేసిన రేకుకు ఐఎస్ 14246, అల్యూమినియం-జింకు పూత మీద రంగు వేసిన దానికి ఐఎస్ 15965 ప్రమాణాలున్నాయి. బిల్లులో ఆ నంబరు, లోపలి ఇనుము మందం, పూత గ్రాములు ఈ మూడూ ఉండాలి. రాయనన్న కొట్టు మెట్లు దిగి వచ్చేయండి.

ఒక కంపెనీ క్లిప్పు ఇంకో కంపెనీ రేకుకు సరిపోదు. ఇది మరీ పెద్ద ఉచ్చు. పేరున్న రేకు నమూనా చూసి చిన్న మిల్లులో అలాంటి గట్టే వంచి, క్లిప్పు ఎక్కడిదో తెచ్చి అమ్ముతున్నారు. ఆ రేకు, ఆ క్లిప్పు కలిపి ఎంత లాగుడు తట్టుకుంటాయో పరీక్ష చేసిన కాగితం అడగండి. కాగితం లేదంటే అది కంటికి ఇంపైన నీలం రేకు, అంతకంటే ఏం లేదు. పైగా నడుమ ఒక రేకు మీద చెట్టు కొమ్మ పడితే స్క్రూ రేకులా అదొక్కటే ఊడదీసి మార్చడం తేలిక కాదు. చాలాసార్లు అంచు నుంచి విప్పుకుంటూ రావాలి.

ఎక్కడ వద్దు

అందుకే మా మాట స్పష్టంగా చెబుతున్నాం. నాలుగు గేదెల కొట్టానికీ, గొర్రెల దొడ్డికీ ఈ రేకు కోసం అప్పు చేయవద్దు. పేడ, మూత్రం నుంచి వచ్చే అమోనియా ఘాటు పూతను తినేస్తుంది. పశువుల షెడ్లకు చాలా కంపెనీల గ్యారంటీ వర్తించదు. ఆ ముక్క గ్యారంటీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అమ్మేవాడి నోట రాదు. ఎరువుల గోదాముకూ ఇదే సమస్య, యూరియా ధూళి తేమతో కలిస్తే ఇనుముకు శత్రువు. కొట్టానికి మంచి మందమున్న మామూలు రేకు, గాలి ఆడే ఎత్తు, వాలు ఎక్కువ, అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా, కొన్నేళ్ళకొకసారి వాషర్లు మార్చడం, ఇవి చాలు. మిగిలిన డబ్బు పునాది బోల్టుల్లో పెట్టండి.

2025 సంక్రాంతికి ముందు రాష్ట్రమంతటా 12,500 గోకులాలు ప్రారంభించామని ప్రభుత్వం చెప్పుకుంది. ఉపాధి హామీ డబ్బు అది, మన కూలి డబ్బు పక్కన కేటాయించిన డబ్బు. ఆ షెడ్ల మీద ఏ మందం రేకు వేశారో, పూత ఎంతో ఊరికి తెలియాలి కదా? సంఖ్య చెప్పారు, రేకు చెప్పలేదు.

గోదాము సంగతి వేరు. అక్కడ దాగిన క్లిప్పు రేకు న్యాయంగా వేస్తే రైతుకు మేలే. 2020లో కేంద్రం లక్ష కోట్ల రూపాయలతో వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి ప్రకటించింది. 2 కోట్ల రూపాయల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ, 7 ఏళ్ళపాటు. ఆ డబ్బుతో సొసైటీలు, ప్రైవేటు వాళ్ళు గోదాములు కడుతున్నారు. గోదాములో సరుకు పెట్టి రసీదు మీద అప్పు తీసుకుని, ధర వచ్చాక అమ్ముకోండి అని మనకు ఉపదేశం చేస్తున్నారు. ఉపదేశం మంచిదే. సరుకు ఆరు నెలలు పొడిగా ఉండాలి కదా! తడిసిన కంది మీద ఇచ్చిన రసీదుకు బ్యాంకు ఎంత విలువ కడుతుందో మనకు తెలుసు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ళు పొలంలోకి రాకుండానే ఒక తరం గడిచిపోయింది. ఈలోగా తుఫాను నీళ్ళు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా గోదాములోకి వస్తున్నాయి.

మా డిమాండ్లు

మార్కెట్ షెడ్డు గాని, సొసైటీ గోదాము గాని, ప్రభుత్వ డబ్బుతో వేసే ఏ రేకుల కప్పు గాని, టెండరులో "కప్పు, ఇన్ని చదరపు మీటర్లు" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం ఆపాలి. లోపలి ఇనుము మందం, పూత బరువు, పర్లిన్ల దూరం, మొత్తం క్లిప్పుల సంఖ్య, అంచుల్లో మూలల్లో అదనంగా ఎన్ని అన్నవి రాయాలి. ప్రతి వరస క్లిప్పులు బిగించాక, పై రేకు వేయకముందు లెక్కపెట్టాలి, ఫోటో తీయాలి, ఆ లెక్క ఎం-బుక్కులో అప్పుడే ఎక్కాలి. కప్పు పూర్తయ్యాక కుర్చీలో కూర్చుని రాసే ఎం-బుక్కు మాకొద్దు. లెక్కపెట్టేటప్పుడు గ్రామం నుంచి ఇద్దరు రైతులు ఉండాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రభుత్వ పనిని స్వయంగా చూసే హక్కు, సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు పౌరుడికి ఇచ్చింది. మనం ఇంతవరకు ఆ చట్టాన్ని కాగితాల కోసమే వాడుకున్నాం. రేకు ముక్క కోసం కూడా వాడవచ్చు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది మన రాష్ట్రమే, 2006లో మొదలుపెట్టింది. మస్టర్లలో దొంగ పేర్లు పట్టుకున్న తనిఖీ బృందం షెడ్డు కప్పు కూడా ఎక్కి చూడాలి.

పన్ను గురించి కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, సిమెంటు మీద 28 నుంచి 18కి తగ్గించారు. ఇనుప రేకు మీద 18 శాతం అలాగే ఉంది. వ్యాపారి తాను కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకుంటాడు, రైతుకు ఆ దారి లేదు. కొట్టానికీ కల్లం షెడ్డుకూ రైతు కొనే రేకు మీద 5 శాతానికి మించి వేయకూడదు.

"ఇన్ని అడిగితే కాంట్రాక్టర్లు పారిపోతారు, ఉన్న షెడ్డు కూడా రాదు" అని ఒక అధికారి, ఒక నాయకుడు కాదు, మన సంఘంలోనే కొందరు పెద్దలు అంటున్నారు. వారి భయం మాకు అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి ఏమీ రాని చోట వచ్చిందే మహాప్రసాదం అనిపిస్తుంది. కానీ పెద్దలారా, మేం అడిగేదాంట్లో అదనపు ఖర్చు ఎంత? 189కి బిల్లు రాసినవాణ్ణి 189 వేయమంటున్నాం, అంతే. దానికి పారిపోయేవాడు రాకపోవడమే మేలు.

మరొక మాట మరిచిపోకూడదు. ఆ కప్పు ఎక్కేది మన ఊరి కుర్రవాళ్ళే. తాడు లేకుండా, టోపీ లేకుండా, ఎండకు కాలిన రేకు మీద చెప్పులతో నడుస్తారు. కొత్త క్లిప్పు రేకు నూనె రాసినట్టు జారుతుంది. గాలి లేచినప్పుడు పొడవాటి రేకు చేతిలో తెరచాప అవుతుంది, మనిషిని కూడా లాక్కుపోతుంది. నడుముకు తాడు కట్టి ట్రస్‌కు ముడి వేయడం టెండరు షరతు కావాలి. పనివాళ్ళకు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు ఉందో లేదో సంఘం చూడాలి. మన పంట తడవకూడదని ఇంకొకడి కొడుకు కింద పడకూడదు.

వచ్చే మండల సమావేశాలకు మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, పొదిలి నుంచి వచ్చే కార్యకర్తలు తమ గ్రామంలో ఇప్పుడు కడుతున్న ప్రతి షెడ్డు, గోదాము వివరం రాసుకుని రండి. ఎవరి డబ్బు, కప్పు ఏ రకం, పొడవు వెడల్పు, పర్లిన్లు ఎన్ని వరసలు, రేకు కప్పే వెడల్పు ఎంత. ఈ కొలతలుంటే క్లిప్పులు ఎన్ని ఉండాలో అక్కడే కూర్చుని లెక్క వేద్దాం. పై రేకు ఇంకా పడని షెడ్లు ముందు వరసలో రాయండి, వాటి దగ్గరకు సమావేశం అయిన మరుసటి రోజే వెళ్ళాలి.